ఇరవై మూడు తప్పులు

పోయిన వారం మీరు నన్ను వదిలి వెళ్ళేసరికి నేను వంటింటి బల్ల మీద రెండేళ్ళ స్కోరు పుస్తకాలు పరుచుకుని, నెత్తి పట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా కాగితం మీద రెండు అంకెలు. ఇరవై మూడు, ఆరు. అవి చూసిన దగ్గర్నుంచి నాకు కాఫీ కూడా సయించలేదు.

ఆ అంకెల సంగతి మరిచిపోయినవాళ్ళకీ, ఈ వారమే మా హార్మన్‌పోర్ట్‌లో అడుగుపెట్టినవాళ్ళకీ మరోసారి చెబుతాను. మా ఊరి బేస్‌బాల్ జట్టు పేరు టగ్స్. అందులో డెల్మర్ స్ట్రౌడ్ అనే బ్యాటరంటే ఊరందరికీ ఒళ్ళుమంట. మనిషి భారీ. పరుగు నిదానం. చెడ్డ బంతి వస్తే బ్యాటు ఊపడు, వదిలేస్తాడు. అలా నాలుగు వదిలేస్తే బ్యాటరు దర్జాగా నడుచుకుంటూ మొదటి బేస్‌కి, అంటే పరుగు దారిలో తొలి మజిలీకి, వెళ్ళొచ్చు. స్ట్రౌడ్ రెండేళ్ళలో నూట ఎనభై ఏడు సార్లు అలా నడిచాడు. అంటే నూట ఎనభై ఏడు సార్లు ఔట్ కాలేదు. మావాళ్ళకి అది ఆనదు. వాళ్ళకి కనపడేది ఊపని బ్యాటు ఒక్కటే. పాతిన చోట పాతినట్టు ఉంటాడని ఆయనకి ‘గుంజ’ అని పేరు పెట్టారు.

నేను చర్చి బడిలో లెక్కల టీచర్ని. పేరు ఇలోనా హ్రొమాడా. లెక్క చూపిస్తే ఊరు వింటుందనుకుని జూన్‌లో రేడియోకి వెళ్ళాను. శనివారం ఉదయం అభిమానులు ఫోన్ చేసే కార్యక్రమం. అప్పటినుంచి ప్రతి వారం వెళ్ళి నాలుగు మాటలు పడి వస్తున్నాను.

“టీచరమ్మా, నీ ఎక్కాలు పిల్లలకి చెప్పుకో. మాకు కళ్ళున్నాయి,” అన్నాడొకడు.

“ఆ నడకలేవో పార్కులో నడవమను, ఒళ్ళన్నా తగ్గుతుంది,” అంది ఒకావిడ.

ఇంకొకడైతే, “నీకూ ఆ గుంజకీ ఏమిటమ్మా సంబంధం?” అనడిగాడు. ఆ రోజు ఫోను నేనే పెట్టేశాను.

ఇరవై మూడు కథ వేరు. బ్యాటరు నేల మీదుగా బంతి కొట్టాడు, ఫీల్డరు దాన్ని సరిగా పట్టలేకపోయాడు, ఈలోపు బ్యాటరు బేస్ చేరాడు అనుకోండి. అది బ్యాటరు గొప్పా, ఫీల్డరు తప్పా? ఎవరో ఒకరు తేల్చాలి. ‘హిట్టు’ అని తేలిస్తే బ్యాటరు సగటు పెరుగుతుంది. ‘తప్పు’ అని తేలిస్తే బ్యాటరు ఔటైనట్టే లెక్క, సగటు పడిపోతుంది. స్ట్రౌడ్ విషయంలో రెండేళ్ళలో బయటి ఊళ్ళలో ‘తప్పు’ అని తేల్చింది ఆరుసార్లు. మా ఊళ్ళో ఇరవై మూడు సార్లు. జట్టులో మిగతా ఎనిమిది మందినీ కలిపి చూస్తే మా ఊళ్ళో నలభై ఒకటి, బయట ముప్ఫై ఎనిమిది. అంటే అందరికీ ఇంచుమించు సమానం, స్ట్రౌడ్‌కి తప్ప.

మా ఊళ్ళో అలా తేల్చే మనిషి ఒక్కరే. పత్రికలో ముప్ఫై నాలుగేళ్ళుగా ఆటల వార్తలు రాస్తూ, మైదానంలో అధికారికంగా స్కోరు రాసే ఎమిల్ హ్రొమాడా. నాన్న పోయాక నన్ను పెంచి, వేళ్ళ మీద లెక్కపెట్టడం నేర్పిన మా బాబాయ్.

అక్కడ ఆపాను పోయిన వారం. ఇక ఆదివారం సంగతి.

ఆగస్టు ఇరవయ్యో తారీఖు. ఆ మధ్యాహ్నం రెండు గంటలకి ఆట. మర్నాడు సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి స్ట్రౌడ్ తలరాత తేలుతుంది. టగ్స్‌ని నడిపే పెద్ద క్లబ్బు మా జట్టులోంచి ఒక్క మనిషిని పెద్ద లీగుకి తీసుకుంటుంది. అది స్ట్రౌడ్ అయితే సరే. కాకపోతే కుర్రాడు బ్రాండ్‌వైన్‌ని తీసుకుని, స్ట్రౌడ్‌ని ఇంటికి పంపేస్తారు. ముప్ఫై ఒక్కేళ్ళ మనిషిని మళ్ళీ పిలిచేవాళ్ళుండరు.

టగ్స్ వ్యవహారాలు చూసే రాఫర్టీ శుక్రవారమే నాతో తేల్చి చెప్పాడు. “నాకు ఉపన్యాసాలొద్దు టీచరమ్మా. ఒక్క అంకె ఇవ్వు. ఫోన్లో చదివితే పైవాళ్ళకి అర్థమయ్యేది. ఆదివారం ఆట అయ్యేలోపు నా బల్ల మీదుండాలి.”

అంకె నా సంచిలో ఉంది. స్ట్రౌడ్ సగటు వెయ్యికి రెండువందల యాభై ఒకటి. మా ఊళ్ళోనూ బయటి ఊళ్ళలో లాగే తీర్పు చెప్పి ఉంటే ఆ ఇరవై మూడింటిలో పదిహేడు హిట్లయ్యేవి. సగటు రెండువందల డెబ్భై ఒకటి అయ్యేది. ఆ అంకె, దానితోపాటు ఆ నడకలు. ఏ క్లబ్బయినా కళ్ళకద్దుకుని తీసుకుంటుంది. కానీ ఆ అంకె రాఫర్టీకి ఇవ్వడమంటే మా బాబాయ్ ముప్ఫై నాలుగేళ్ళ పరువు తీసి అతని బల్ల మీద పెట్టడమే.

పొద్దున చర్చికి వెళ్ళాను, కాస్త మనశ్శాంతి దొరుకుతుందేమోనని. ఫాదర్ ఆ రోజే బైబిల్లో లోతు భార్య వెనక్కి తిరిగి చూసి ఉప్పు స్తంభమైపోయిన కథ ఎత్తుకున్నారు. “ఆవిడకి ఇప్పుడు మన టగ్స్‌లో ఉద్యోగం దొరికిందట, మొదటి బేస్ దగ్గర!” అన్నారు. చర్చంతా ఘొల్లుమంది. పియానో వాయించే ఆవిడ కూడా తల పక్కకి తిప్పుకుని నవ్వింది. దేవుడి ఇంట్లో కూడా ఆ మనిషికి చోటు లేకుండా పోయింది.

ఒంటిగంటకి మైదానం చేరాను. మెట్ల కింద దారిలో స్ట్రౌడ్ గోడకి ఆనుకుని బూటు తాడు కట్టుకుంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ అంతే.

“టీచర్ గారూ, ఒక మాట. నిన్న రేడియోలో మిమ్మల్ని ఎవరో నానా మాటలూ అన్నారట. మా ఆవిడ విందట.”

“అవన్నీ నాకు అలవాటే.”

“నాకూ అలవాటే. పదేళ్ళుగా తింటున్న తిట్లు కదా. మీకెందుకండీ ఇదంతా? వదిలేయండి.”

“వదిలేస్తే రేపు మీరేం చేస్తారు?”

ఆయన రెండో బూటు తాడు విప్పి మళ్ళీ కట్టాడు. “మిస్సోరీలో మా మామగారికి పశువుల దాణా కొట్టుంది. బస్తాలు మోయడానికి ఒళ్ళుంది కదా.” ముడి బిగించి, “మా పాప ఇప్పుడిప్పుడే చదవడం నేర్చుకుంటోంది. పోయినాదివారం ఎవరో అట్టముక్క మీద రాసి పట్టుకున్నది చదివింది. ‘గుంజ అంటే నువ్వేనా నాన్నా?’ అనడిగింది. అప్పట్నుంచి పాపనీ వాళ్ళమ్మనీ మైదానానికి రావద్దన్నాను,” అన్నాడు.

“ఈ రోజు బాగా ఆడండి,” అన్నాను, బడి పిల్లలతో అన్నట్టు.

“అవకాశమొస్తే కొడతానండీ,” అన్నాడు. “చెడ్డ బంతికి మాత్రం ఊపలేను. చిన్నప్పట్నుంచీ చేతకాదు.”

పత్రికల వాళ్ళ గది మైదానం పైన, చెక్కలతో కట్టింది. ఆగస్టులో అది అచ్చంగా రొట్టెల పొయ్యి. పొడుగాటి బల్ల, దాని వెనక నలుగురు మగవాళ్ళు, వాళ్ళ సిగరెట్లు, ఒక మూల నేను. ఐదేళ్ళ క్రితం వరకు ఆడదాన్ని ఆ గుమ్మం తొక్కనిచ్చేవాళ్ళు కాదు. “నాకు టైపు చేసే మనిషి కావాలి, నా అన్న కూతురు చేస్తుంది. కాదన్నవాడు నా కుర్చీలో కూర్చుని తనే రాసుకోవచ్చు,” అని మా బాబాయ్ పట్టుబట్టాడు. ఆ కుర్చీలో కూర్చోడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆయన పక్కన కుర్చీలో నేను కూర్చున్నాను.

ఆయన అప్పటికే వచ్చి ఉన్నాడు. నల్లగా, లావుగా గీతలు గీసిన స్కోరు పుస్తకం, మొద్దు పెన్సిలు, పిప్పరమెంట్ల పొట్లం. కుడిచేతి పక్కన రెండు స్విచ్‌లు. ఒకటి నొక్కితే బోర్డు మీద పచ్చ బల్బు వెలుగుతుంది, హిట్టు. రెండోది నొక్కితే ఎర్ర బల్బు, తప్పు.

“ఆలస్యమైందేం ఇల్కా?” అన్నాడు తల తిప్పకుండానే, నా ముద్దుపేరుతో. నా అడుగుల చప్పుడు ఆయనకి తెలుసు.

“చర్చిలో జోకులు వింటూ కూర్చున్నాను,” అన్నాను.

ఆట మొదలైంది. మొదటి ఇన్నింగ్స్‌లోనే అవతలి జట్టువాడు నేల బంతి కొట్టాడు, మా రెండో బేస్ వాడు దాన్ని జారవిడిచాడు. బాబాయ్ ఎప్పట్లాగే నా వైపు కొంచెం వంగాడు.

“ఏమంటావే? హిట్టా, తప్పా?”

ఇది మా ఇద్దరి ఆట. నాకు ఎనిమిదేళ్ళప్పుడు బడి జట్ల ఆటలకి తీసుకెళ్ళి నేర్పాడు. ఆయన అడుగుతాడు, నేను చెబుతాను, ఆయన తను అనుకున్నది రాసుకుంటాడు. నేను చెప్పింది సరిపోతే ఆ రోజు నాకు పిప్పరమెంటు. ఇరవై ఒక్క ఏళ్ళయినా ఆ అలవాటు మానలేదు. చిన్నప్పుడు సగం రోజులు పిప్పరమెంటు దొరికేది కాదు. ఈ రెండేళ్ళలో ఒక్కసారి కూడా తప్పిపోలేదు. లెక్క చూసే కన్ను నాకూ వచ్చిందని లోలోపల మురిసిపోయాను.

“తప్పు. చేతిలోకొచ్చిన బంతి,” అన్నాను పొడిగా.

ఎర్ర బల్బు వెలిగింది. పిప్పరమెంటు నా వైపు దొర్లింది. నేను తీసుకోలేదు.

రెండో ఇన్నింగ్స్‌లో స్ట్రౌడ్ వచ్చాడు. పేరు వినగానే జనం అరుపులు. “ఊపరా! అది బ్యాటురా, గొడుగు కాదు!” స్ట్రౌడ్ నాలుగు చెడ్డ బంతులు వదిలేసి నడుచుకుంటూ బేస్‌కి వెళ్ళాడు. జనం అంతా లేచి వెటకారంగా లెఫ్ట్ రైట్, లెఫ్ట్ రైట్ అని అరిచారు. వెనక వరుసలో బూడిదరంగు టోపీ పెట్టుకుని పెద్ద క్లబ్బు పంపిన మనిషి కూర్చున్నాడు. ఆయన చీటీ మీద ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో నాకు కనపడలేదు, ఆయన మొహం మాత్రం అరుస్తున్న జనం వైపే ఉంది.

ఇంక పట్టలేకపోయాను. మూడో ఇన్నింగ్స్ అయ్యి జట్లు మారుతున్నప్పుడు సంచిలోంచి కాగితం తీసి బాబాయ్ పుస్తకం మీద పెట్టాను.

“ఇదేమిటే?”

“చదువు.”

“నువ్వే చదువు. అద్దాలు ఇంట్లో మరిచిపోయాను.”

అద్దాలు ఆయన చొక్కా జేబులోనే ఉన్నాయి. దొరికిపోయిన దొంగలా తప్పించుకుంటున్నాడనిపించి నాకు ఒళ్ళు మండిపోయింది. మైకు ముందు కూర్చున్న రేడియో గిప్సన్‌కి వినపడకుండా, పళ్ళ మధ్య నుంచి చదివాను. ఇరవై మూడు, ఆరు. నలభై ఒకటి, ముప్ఫై ఎనిమిది. రెండువందల డెబ్భై ఒకటి. ఆయన పిప్పరమెంటు చప్పరిస్తూ విన్నాడు.

“ఊఁ,” అన్నాడు.

“ఊఁ ఏమిటి బాబాయ్?”

“కూడికలు సరిగ్గానే ఉండుంటాయి. నేర్పింది నేనేగా.”

“ఆ స్ట్రౌడ్ నీకేం చేశాడు? ఊరంతా ఆయన్ని ఏడిపిస్తోంది సరే, వాళ్ళకి బుద్ధి లేదనుకుందాం. నీకేమైంది? ఎర్ర బల్బు వెలిగినప్పుడల్లా జనం అది చూసే కదా ఇంకాస్త రెచ్చిపోతారు! ఆయనకి హక్కుగా రావాల్సిన హిట్లు పదిహేడు. పదిహేడు బాబాయ్!”

“అంటే నన్ను దొంగనంటావు.”

“నేనేమీ అనట్లేదు. అంకెలు అంటున్నాయి.”

“అంకెలకి నోరుండదే. పక్కన కూర్చున్నవాళ్ళకి ఉంటుంది.”

ఆ నిదానమే నన్ను ఇంకా రెచ్చగొట్టింది. దాచుకున్న పెద్ద రుజువు బయటికి తీశాను. “అయితే ఇదీ విను. జూన్ పదిహేడున నేను రేడియోలో మొదటిసారి మాట్లాడాను. ఇరవై మూడు తప్పులూ దానికి ముందువే. ఆ తర్వాత రెండు నెలలుగా ఇక్కడ స్ట్రౌడ్ కొట్టిన బంతికి ఒక్కసారి కూడా ఎర్ర బల్బు వెలగలేదు. ఒక్కసారంటే ఒక్కసారి! నేను నోరు తెరవగానే నీ పెన్సిల్‌కి భయం పట్టుకుంది. కాదను చూద్దాం.”

బాబాయ్ మొదటిసారి నా వైపు పూర్తిగా తిరిగాడు. నవ్వాడు కూడా, కానీ అది సరదా నవ్వు కాదు.

“అది నువ్వూ పట్టేశావన్నమాట,” అన్నాడు. “నేనూ లెక్కపెట్టాను. జూన్ తర్వాత పదకొండు సార్లు అలాంటి బంతి వచ్చింది. పదకొండూ హిట్లే. సరే, ఆ ఇరవై మూడింటిలోంచి ఒకటి చెప్పు. ఏదైనా సరే.”

“పోయిన ఏడాది మే ఇరవై తొమ్మిది, ఎనిమిదో ఇన్నింగ్స్. మూడో బేస్ వాడి వైపు కొట్టాడు. బంతి వాడి రొమ్ముకి తగిలి కింద పడింది.”

“ఎలా వెళ్ళింది బంతి? నిదానంగా దొర్లుతూ వెళ్ళిందా?”

నాకు గుర్తుంది. “లేదు. చాలా వేగంగా వెళ్ళింది. వాడు తప్పుకోకుండా నిలబడ్డమే గొప్ప.”

“ఆ రోజు నేను నిన్ను అడిగాను. ఏమన్నావో గుర్తుందా?”

“నువ్వు ప్రతిసారీ అడుగుతావు…”

“ఏమన్నావే?”

ఆయనే చెప్పాడు, నా గొంతుతో, నా యాసతో, ఒక్క మాట పొల్లు పోకుండా. “‘గుంజ అక్కడికి చేరేలోపు ఆ బంతిని రెండుసార్లు తీసి రెండుసార్లు విసరొచ్చు బాబాయ్. గుంజకి హిట్టేమిటి, తప్పు రాసేయ్.’ అని నవ్వావు. నీ పక్కనే గిప్సన్ కూడా నవ్వాడు.”

అన్నాను. నిజమే. అప్పటికి నేనూ ఊరి మనిషినే. గుంజా అని నేనూ అరిచాను, మొన్న మే నెలాఖరులో ఊసుపోక పాత పుస్తకాలు తిరగేసి ఆ నడకలు లెక్కపెట్టేదాకా. దిద్దుకున్నాను కదా, అది ఎప్పుడో తీరిపోయింది కదా అనుకున్నాను.

“అది మన ఆట,” అన్నాను. “నేను సరదాగా ఏదో అంటాను. రాసేది నువ్వు.”

“రాసేది నేనే. చూసేదెవరు?”

అర్థం కాలేదు. ఆయన పుస్తకం మీద చెయ్యి పెట్టి మైదానం వైపు గడ్డం ఎత్తాడు. “ఆ బోర్డు మీద ఏముందో నాకు తెలీదే. పోయినేడాది ఏప్రిల్ నుంచి తెలీదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే నా గీతలు కనపడతాయి, నా రాత కనపడుతుంది. ఆ పైన అంతా పాల మీగడ. బంతి విసిరే పిచ్చరు ఒక తెల్ల మరక. బంతి లేనే లేదు. మీ పిన్నికి తెలుసు, డాక్టరుకి తెలుసు. ఇప్పుడు నీకు తెలుసు.”

“మరి ఇన్నాళ్ళూ…”

“పైకి లేచే బంతి బ్యాటు చప్పుడుకి తెలిసిపోతుంది. ఎవరు పట్టారో గిప్సన్ మైకులో అరుస్తాడు. తేల్చాల్సింది ఈ నేల బంతులే. వాటికి నువ్వున్నావు.”

జేబులో అద్దాలు అందుకే ఉన్నాయి. వాటివల్ల లాభం లేదు. ఆ పిప్పరమెంటు రెండేళ్ళుగా ఒక్కసారి కూడా తప్పకపోవడం కూడా అందుకే. నేను ఆట నేర్చుకున్నందుకు కాదు. నేను ఏది చెబితే ఆయన అదే రాశాడు. నేను చూపించిన ఇరవై మూడు తప్పులూ నా నోటి నుంచి వచ్చినవి. జూన్ తర్వాతి పదకొండు హిట్లూ నా నోటి నుంచే వచ్చాయి. పెన్సిల్ భయపడలేదు. నా మనసు మారింది, అంతే. ముందు స్ట్రౌడ్‌ని వెక్కిరిస్తూ తప్పులన్నాను, తర్వాత ఆయన్ని వెనకేసుకొస్తూ హిట్లన్నాను. ఊళ్ళోవాళ్ళకి కళ్ళతో చూడ్డం రాదని రేడియోలో రెండు నెలలు పాఠం చెప్పిన టీచరమ్మని నేను.

“ఎందుకు చెప్పలేదు?” అన్నాను, గిప్సన్‌కి వినపడకుండా. “ఎవరో ఒకరికి చెప్పి లేచి వెళ్ళిపోవచ్చు కదా! కంటి జబ్బు సిగ్గుపడేదేమీ కాదు. ఇంత చేసి, నా చేత ఇంత చేయించి…”

“ఈ కుర్చీలోంచి లేస్తే నేనెవర్ని ఇల్కా? మీ పిన్నికి మొగుణ్ణి, అంతేగా.” పెన్సిల్ని వేళ్ళ మధ్య తిప్పాడు. “నువ్వు నిజం చెబుతావనుకున్నాను. చెప్పావు కూడా. నీకు కనపడిన నిజం.”

“నిజమా? ఒక మనిషి అన్నం పోతోంది బాబాయ్ రేపు!”

“ఆ పదకొండులో ఎన్ని అసలైన హిట్లు? నేను చూడలేదు. నువ్వు చెప్పగలవా?”

చెప్పలేను. ఆ ప్రశ్న వేస్తుంటేనే నాకు తెలిసిపోయింది. ఇరవై మూడూ నమ్మదగ్గవి కావు, పదకొండూ కావు. రాఫర్టీకి ఇవ్వాల్సిన అంకె నా సంచిలోనే చచ్చిపోయింది. ఆ హిట్లు పోగొట్టింది ఎవరని రాఫర్టీ అడుగుతాడు. నా పేరు చెప్పాలి. నువ్వెందుకు తేల్చావని అడుగుతాడు. బాబాయ్ పేరు చెప్పాలి. చెప్పకుండా ఊరుకుంటే స్ట్రౌడ్ బస్తాలు మోస్తాడు. ఏడుపు రాలేదు. ఏదైనా పగలగొట్టాలనిపించింది. బల్ల మీద పగలగొట్టడానికి పిప్పరమెంటు తప్ప ఏమీ లేదు. దాన్నే తీసి గోడకేసి కొట్టాను.

గిప్సన్ మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, “ఏమైంది అక్కడ?” అన్నాడు.

“ఏం లేదు, ఈగ,” అన్నాడు బాబాయ్.

ఆట నడుస్తూనే ఉంది. ఎవరు ఆడుతున్నారో, ఎన్నో ఇన్నింగ్సో నాకు పట్టలేదు. కింద మళ్ళీ వెటకారపు అరుపులు మొదలయ్యాయి కాబట్టి స్ట్రౌడ్ వచ్చినట్టున్నాడు. నేను తల ఎత్తలేదు. మా బాబాయ్ కళ్ళని చూస్తున్నాను. ఇన్నేళ్ళూ రోజూ చూసిన కళ్ళు. మైదానం వైపు తిరిగి ఉన్నాయి, కానీ దేని మీదా ఆనడం లేదు. ఇంత దగ్గరగా కూర్చుని రెండేళ్ళలో నేను ఇది కూడా చూడలేదు.

ఫట్‌మని బ్యాటు చప్పుడు.

నేల బంతి. ఆ చప్పుడు నాకూ తెలుసు. జనం ఒక్కసారిగా లేచారు. కుర్చీలు కదిలిన మోత, ఒక పెద్ద కేక, వెంటనే మరో కేక. నేను తల తిప్పేసరికి అంతా అయిపోయింది. స్ట్రౌడ్ మొదటి బేస్ మీద నిలబడి రొప్పుతున్నాడు. అవతలి జట్టు ఫీల్డరు షార్ట్‌స్టాప్ మోకాళ్ళ మీద కూర్చుని నేల మీది బంతి వైపు చూస్తున్నాడు. మూడో బేస్ నుంచి ఒకడు పరిగెత్తుకొచ్చి పరుగు చేశాడు. పోటీ సమం.

“ఎమిల్! హిట్టా, తప్పా?” గిప్సన్ అరిచాడు. మిగతా ఇద్దరూ పెన్సిళ్ళు ఎత్తి మా వైపు చూస్తున్నారు.

బోర్డు మీద రెండు బల్బులూ నల్లగా ఉన్నాయి. కింద జనం ఆ బోర్డు వైపే తిరిగారు. కొందరు “తప్పు! తప్పు!” అని చప్పట్లు కొడుతున్నారు. వెనక వరుసలో బూడిదరంగు టోపీ ఆయన లేచి నిలబడ్డాడు. చీటీ మీద పెన్ను పెట్టి ఆయన కూడా బోర్డునే చూస్తున్నాడు. మొదటి బేస్ మీద నుంచి స్ట్రౌడ్ కూడా చూస్తున్నాడు, ఎప్పుడూ చూడనివాడు.

గిప్సన్‌ని అడగొచ్చు. చూసినవాడు. కానీ ఎమిల్ హ్రొమాడా ఒక నేల బంతి గురించి పక్కవాణ్ణి అడిగాడన్న మాట సాయంత్రానికి ఊరంతా పాకిపోతుంది, ఎందుకడిగాడన్నది రేపటికి తేలిపోతుంది. హిట్టన్నానా, నా అలవాటు కొద్దీ పన్నెండోది. తప్పన్నానా, ఇరవై నాలుగోది.

బాబాయ్ వేళ్ళు తడుముకుంటూ వెళ్ళి రెండు స్విచ్‌ల మీదా ఆగాయి. నా వైపు వంగాడు. పిప్పరమెంటు వాసన వచ్చింది. ఆ గొంతు ఇరవై ఒక్క ఏళ్ళుగా నాకు తెలుసు, కానీ అందులో బతిమాలడం ఆ రోజే మొదటిసారి విన్నాను.

“ఏమంటావే, ఇల్కా?”

ఆ ఒక్క బంతినీ నేను చూడలేదు.